ముందు బంతిని దాచండి!

బాస్కెట్‌బాల్ జట్టు బాగుపడాలంటే ముందుగా చేయాల్సిన పని, బంతిని దాచేయడం!

నవ్వకండి. ఆషామాషీగా అంటున్న మాట కాదిది. ఓడిపోయిన ఏ జట్టునైనా పిలిచి అడగండి. బంతి చేజారింది అంటారు. బంతి రింగుకు తగిలి బయటికొచ్చింది అంటారు. బంతిని అవతలివాళ్ళు లాక్కుపోయారు అంటారు. నేరం జరిగిన ప్రతిచోటా ఒకే మనిషి కనిపిస్తుంటే పోలీసులు ఊరుకుంటారా? మరి బంతిని మనం ఇన్నేళ్ళుగా ఎందుకు వెనకేసుకొస్తున్నట్టు?

ఈ సత్యాన్ని లోకంలో మొదట కనిపెట్టిన ఘనత మా వీధి చివర ఉన్న కాలేజీది. కోచ్‌ను పెట్టుకుని, జట్టును పునాదుల నుంచి తిరగదోడి, చివరికి ఆ సీజన్లో ఒక మ్యాచ్ గెలిచేసిన కాలేజీ అది. ఎలా గెలిచిందో చెబుతాను. నేర్చుకోండి.

ఇందులో నా స్వార్థం లేదా అంటే, ఉంది. దాచడం దేనికి? మా కింది వాటా అమ్మాయి ఆ కాలేజీ అమ్మాయిల జట్టుకు కెప్టెన్. పొడుగు మనిషి. అటక మీది డబ్బా అందాలంటే వీధి మొత్తం ఆ పిల్లనే పిలుస్తుంది కాబట్టి చిన్నప్పుడే నిచ్చెన అని పేరు పడిపోయింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న లారీ తోలుతూ ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇద్దరూ ఇంట్లో లేని మధ్యాహ్నాల్లో నిచ్చెన పెరటి గోడకేసి బంతి కొడుతుంది. ధబ్, ధబ్, ధబ్! ఆ గోడకు సరిగ్గా పైన నా మంచం. అన్నం తిని కాసేపు నడుం వాల్చందే బండి నడవని వయసు నాది.

అడిగితే చెప్పేది ఒక్కటే. ఈ ఏడుతో చదువు అయిపోతుంది. తను చేరినప్పటి నుంచి జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వెళ్ళేలోగా ఒక్కటి గెలవాలి.

"ఒక్కటి చాలు పిన్నీ. నా తర్వాత వచ్చే పిల్లలకి చెప్పుకోడానికైనా ఉంటుంది," అని మెట్ల మీద కూర్చుని మా ఆవిడతో అంటూ కళ్ళు తుడుచుకుంది. మా ఆవిడ కూడా తుడుచుకుంది. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను.

ఆ కాలేజీలో బంతుల సంగతి కూడా కాస్త చెప్పాలి. కొత్త బంతులు ఉన్నాయి. నారింజపండ్లలా నిగనిగలాడుతూ, స్టోర్సు గదిలో, అద్దాల బీరువాలో, వరసగా ఉన్నాయి. పైనుంచి తనిఖీకి వచ్చే పెద్దలు చూసి సంతోషిస్తారని కొన్నారు. తనిఖీ రోజున బీరువా తలుపులు తెరుస్తారు, పెద్దలు తలలూపుతారు, తలుపులు మూస్తారు. మరి ఆడటానికి? బోడిగుండులా నున్నగా అరిగిపోయిన పాత బంతి ఒకటి ఉంది. రెండు గంటలు ఆడితే దానికి గాలి దిగిపోతుంది. దానిని నిచ్చెనే ఇంటికి తెచ్చి, గాలి కొట్టి, మళ్ళీ తీసుకెళ్తుంటుంది.

బీరువా తాళం స్టోర్సు సారు నడుముకే ఉంటుంది. మంచి మనిషే. వారానికోసారి ప్రతి బంతినీ మెత్తటి గుడ్డతో తుడుస్తాడు.

"ఒక్కటి ఇవ్వండి సార్, ప్రాక్టీసుకి," అని నిచ్చెన అడిగితే ఆయన పసిపిల్లను ఎవరో ఎత్తుకుపోతానన్నట్టు బెదిరిపోయాడు.

"వాడితే పాతబడిపోవూ?" అన్నాడు.

దీనికి మీ దగ్గర జవాబుందా? నా దగ్గరైతే లేదు. వస్తువు వాడటం వల్లే పాడవుతుందన్నది కాదనలేని నిజం కదా! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అని మా ఆవిడ ఏదో సామెత చెప్పబోయింది కానీ నేను సాగనివ్వలేదు.

ఇలా ఉండగా పొరుగు కాలేజీ చేతిలో చిత్తుగా ఓడిన మర్నాడు ప్రిన్సిపాల్ గారికి పౌరుషం వచ్చింది. కోచ్‌ను పెట్టాల్సిందే అన్నారు. జట్టు పునర్నిర్మాణ కమిటీ వేశారు. ఎకనామిక్స్ హెడ్డు గారు కన్వీనర్. ఆయన జన్మలో బంతి ముట్టుకోలేదు కాబట్టి పక్షపాతం ఉండదని ఎంచుకున్నారు. స్టోర్సు సారు సభ్యుడు. కెమిస్ట్రీ మేడమ్ ఆ సమయానికి స్టాఫ్‌రూములో ఉన్నందువల్ల సభ్యురాలు. నిచ్చెనను విద్యార్థుల ప్రతినిధిగా తీసుకున్నారు. ప్రతినిధి అంటే, కుర్చీలు వేసి, టీలు అందించి, ఆ తర్వాత నోరు మెదపకుండా కూర్చునే హక్కు గల మనిషి.

పేపరు ప్రకటన చూడాల్సింది! అభ్యర్థికి నాయకత్వ పటిమ ఉండాలి. వేదిక మీద మాట్లాడటం రావాలి. స్లైడ్లు తయారు చేయడం రావాలి. అన్నింటికీ కింద, చిన్న అక్షరాల్లో, ఆట వచ్చి ఉన్నా అభ్యంతరం లేదు అని వేశారు. ఇంత విశాల హృదయం ఎక్కడైనా చూశారా?

ఇంటర్వ్యూకి ఇద్దరొచ్చారు.

మొదట వచ్చినావిడ మోకాలికి పట్టీ కట్టుకుని ఉంది. చాలా ఏళ్ళు ఆడి మోకాలు పోగొట్టుకుని, ఆ తర్వాత కోచింగ్ చదివిందట. కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే అడిగేసింది.

"కోర్టు ఒకసారి చూడొచ్చాండీ? బంతులెన్ని ఉన్నాయి?"

స్టోర్సు సారు నడుము తడుముకున్నాడు. కన్వీనర్ గారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. నిచ్చెన గుండె మాత్రం ఎగిరి గంతేసింది. ఈవిడే, ఈవిడే అనుకుంది. టీ కప్పు ఆవిడ వైపు కాస్త ముందే జరిపింది కూడా.

ఆవిడ బయటికి వెళ్ళగానే కన్వీనర్ గారు పెదవి విరిచారు. "వచ్చీరాగానే లోపాలు వెతుకుతోంది. పైగా ఆడలేక మద్దెల ఓడన్నట్టు బంతులెన్ని అంటోంది."

రెండో ఆయన వస్తూనే దీపాలు ఆర్పమన్నాడు. గోడ మీద ఒక పర్వతం ప్రత్యక్షమైంది. కాసేపటికి పర్వతం పోయి డేగ వచ్చింది. డేగ పోయి, సూర్యోదయం వచ్చింది.

"మీకు కావాల్సింది కోచ్ కాదు," అన్నాడాయన మెల్లగా. "మీకు కావాల్సింది ఒక విజన్."

కెమిస్ట్రీ మేడమ్ ముందుగా చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. నిచ్చెన టీ ట్రే పట్టుకుని ఉంది కాబట్టి కొట్టలేకపోయింది. ఆయన బాస్కెట్‌బాల్ ఎక్కడ ఆడాడో అడగడం ఎవరికీ గుర్తు రాలేదు. సూర్యోదయం చూశాక అలాంటి చిల్లర ప్రశ్నలు ఎవరికి గుర్తొస్తాయి చెప్పండి? ఆ పూటే అపాయింట్ చేశారు. పిల్లలు ఆయనకు విజన్ సారు అని పేరు పెట్టారు. మోకాలి పట్టీ ఆవిడను పొరుగు కాలేజీ తీసుకుంది. పాపం, వాళ్ళకు ప్రొజెక్టర్ లేదట.

ఇక పునర్నిర్మాణం మొదలైంది. కోర్టు గోడ మీద గర్జిస్తున్న సింహాన్ని వేయించారు. పక్కనే వంగిపోయిన రింగును అలాగే ఉంచారు, సింహం మీది నుంచి చూపు మళ్ళకూడదు కదా! జట్టుకు కొత్త పేరు, కొత్త జెర్సీలు వచ్చాయి. జెర్సీ వీపు మీద "గెలుపు మా అలవాటు" అని రాయించారు. ఓడి తిరిగొస్తున్నప్పుడు బస్సులో వెనక సీటు వాళ్ళు అది చదువుకోవచ్చు.

మొదటి ప్రాక్టీసు రోజే విజన్ సారు పాత బంతిని తీయించేశాడు.

"దీన్ని చూస్తే మీకు ఓటములు గుర్తొస్తాయి. ఇవాళ్టి నుంచి బంతి మనసులో ఉండాలి," అన్నాడు.

చూశారా నా సిద్ధాంతం! కోర్టు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి, కళ్ళు మూసుకుని మనసులో బాస్కెట్లు వేయమన్నాడు. అద్భుతం జరిగింది. ఒక్కరూ గురి తప్పలేదు. బుడంకాయ అనే పొట్టి పిల్ల మూడు రోజుల్లో మూడు వందల బాస్కెట్లు వేశానంది. ఇంకో పిల్ల కుర్చీలోనే నిద్రపోయి గురక పెడితే, ఏకాగ్రత అంటే ఇలా ఉండాలని సారు మిగతావాళ్ళకు చూపించాడు.

నిచ్చెన మాత్రం కళ్ళు మూసినా ఏమీ కనిపించడం లేదని నిజం చెప్పేసింది. నెగెటివ్ యాటిట్యూడ్ అని సారు బాధపడ్డాడు. ఆ సాయంత్రమే ఆ పిల్ల చెత్తబుట్ట పక్కన పడి ఉన్న బోడి బంతిని చున్నీలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. మర్నాటి నుంచి నా మంచం కింద మళ్ళీ ధబ్, ధబ్, ధబ్!

"వాళ్ళమ్మతో చెప్పి ఆ బంతి లాగేయించనా?" అని అడిగాను మా ఆవిడను.

"ముందు మీ గురక లాగేయించండి. కింది వాటాకి అదీ వినిపిస్తుందట," అంది. పదిమందిలో చెప్పుకునే జవాబు కాదు కాబట్టి వదిలేద్దాం.

మ్యాచులు మొదలయ్యాయి. జట్టు ఓడింది. మళ్ళీ ఓడింది. మనసులో వేసిన బాస్కెట్లను రిఫరీలు లెక్కలోకి తీసుకోవడం లేదని తేలింది. అయినా కమిటీ డీలా పడలేదు. ప్రతి ఓటమి తర్వాత సమీక్ష జరిపింది. కన్వీనర్ గారు ఎకనామిక్స్ మనిషి కదా, ఓటముల గ్రాఫ్ గీశారు. గీత పైపైకి పోతూ కళ్ళకు ఎంతో ఇంపుగా ఉందట!

ఇలా ఆఖరి మ్యాచ్ వచ్చింది. ఆ ఏడాదికి సొంత కోర్టులో ఆడేది ఇదొక్కటే, పొరుగు కాలేజీతో. ఆ రోజు నిచ్చెన వాళ్ళమ్మకు సెలవు దొరకలేదు. డ్యూటీకి వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నయ్య గారూ, దానికిదే ఆఖరాట. నాకు కుదిరి చావలేదు. మీరైనా వెళ్ళి కూర్చోండి. మన మనిషంటూ ఒకరు కనిపిస్తే దానికి ధైర్యంగా ఉంటుంది," అంది.

నిద్ర మానుకుని వెళ్ళాను. మా ఆవిడా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

వేళైంది. పొరుగు జట్టు జాడ లేదు. వాళ్ళ బస్సు దారిలో మొరాయించిందని కబురొచ్చింది. రిఫరీ వాచీ చూసుకున్నాడు. గడువు దాటాక మరోసారి చూసుకుని విజిల్ వేశాడు.

"వాకోవర్. మీరే గెలిచారు."

ఇక చూడండి సంబరం! ప్రిన్సిపాల్ గారు చంకలు గుద్దుకున్నారు. కన్వీనర్ గారు విజన్ సారును కౌగలించుకున్నారు. విజన్ సారు చేయి పైకెత్తి, "వేళకు కోర్టులో ఉండటం! సగం గెలుపు అదే!" అన్నాడు. ఎక్కడ దాచారో గానీ అభినందనల బ్యానర్ కూడా వచ్చేసింది. దాని మీద విజన్ సారు ఫొటో తలుపంత, జట్టు ఫొటో తపాలా బిళ్ళంత ఉన్నాయి.

గెలుపంటే ఇది! చెమట లేదు, దెబ్బలు లేవు, బంతి అసలే లేదు. నేను మొదట చెప్పిన మాట అక్షరాలా రుజువైంది. వ్యాసం ఇక్కడితో ముగించేద్దును. కానీ ఆ నిచ్చెన ముగించనిస్తేగా?

ఫొటోకి నిలబడమంటే నిలబడింది. నవ్వమంటే నవ్వలేదు. బుడంకాయ వచ్చి ఆ పిల్ల భుజం మీద చేయి వేసి, "గెలిచాం కదే! ఏడుపు మొహం దేనికి?" అని గిల్లింది.

"ఎవర్ని గెలిచామే? ఈ కుర్చీల్నా?" అంది నిచ్చెన.

అప్పుడే గేటులోంచి పొరుగు జట్టు వచ్చింది. బస్సును తోసీ తోసీ, అది కదలకపోతే బ్యాగులు భుజాన వేసుకుని నడిచొచ్చారు. చేతులకు మసి, మొహాలకు దుమ్ము. వెనకే కుంటుకుంటూ మోకాలి పట్టీ ఆవిడ. రిఫరీ చెప్పింది విని, పిల్లల వైపు తిరిగి, "పర్లేదు, నీళ్ళు తాగండి," అని మాత్రం అంది.

నిచ్చెన ఫొటో వరసలోంచి బయటికొచ్చేసింది.

"సార్, ఇప్పుడు ఆడితే కుదరదా?"

రిఫరీ గడ్డం గోక్కున్నాడు. "గెలిచినవాళ్ళు వదులుకుంటే కుదురుతుందమ్మా. తర్వాత ఓడిపోతే మాత్రం నన్నడగొద్దు."

కన్వీనర్ గారు పరుగెత్తుకొచ్చారు. "పిచ్చిదానా! నోటికాడి ముద్ద కాలదన్నుకుంటావా? ఒక్కటి గెలవాలని నువ్వే కదా ఏడ్చావు!"

నిజమే. ఆ పిల్లకు కావాల్సింది ఆ ఒక్కటే. అది చేతిలో పెట్టారు. రేపట్నుంచి కాలేజీ లేదు, జట్టు లేదు, ఇంకో మ్యాచ్ లేదు. నిచ్చెన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు వరసలో ఉన్న మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ కొంగు నడుముకు బిగించింది.

"ఆడతాం సార్," అంది నిచ్చెన. బుడంకాయ గట్టిగా నిట్టూర్చి, జడ ముడి వేసుకుని కోర్టులోకి నడిచింది. మిగతావాళ్ళూ నడిచారు.

సొంత కోర్టులో మ్యాచ్ అంటే బంతి మనమే ఇవ్వాలి. అందరూ చూస్తుండగా స్టోర్సు సారు అద్దాల బీరువా తెరిచి, తళతళలాడే కొత్త బంతిని తెచ్చాడు. రిఫరీ నేలకేసి కొట్టాడు. అది పడ్డచోటే ఉండిపోయింది. గాలి కొట్టారు. అతుకుల దగ్గర చీలి బుస్సుమంది. రెండోది తెచ్చారు, అదీ అంతే. ఏళ్ళ తరబడి బీరువాలో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి అన్నీ ఎండిపోయాయి.

"ఒక్కసారి కూడా వాడలేదండీ!" అన్నాడు స్టోర్సు సారు. పాపం, చీలిన బంతిని ఇంకా మెత్తటి గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"అందుకేనండీ," అంది మోకాలి పట్టీ ఆవిడ నెమ్మదిగా. తన బ్యాగులోంచి ఒక బంతి తీసి నిచ్చెనకు విసిరింది. "ఆడుకున్న బంతే. పర్వాలేదా?"

ఆ ఆట గురించి నేను వర్ణించలేను, ఆటలో నాకు ఓనమాలు రావు. నాకు తెలిసిందల్లా, నిచ్చెన దూకింది, పడింది, లేచింది. మా పెరటి గోడ దగ్గర విన్న చప్పుడే అక్కడా వినిపించింది. బుడంకాయ, ఈసారి కళ్ళు తెరుచుకుని, నిజం బాస్కెట్ వేసింది. నేను కుర్చీ ఎక్కి అరిచానని మా ఆవిడ అంటుంది కానీ ఆధారాలు లేవు.

ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు.

నిచ్చెన కోర్టులోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. "పోన్లేమ్మా," అన్నాను.

ముక్కు తుడుచుకుని తలెత్తింది. ఏడుస్తూనే నవ్వుతోంది. "ఓడిపోయాం బాబాయ్! ఈసారి ఆడి ఓడిపోయాం!"

వెళ్ళేటప్పుడు మోకాలి పట్టీ ఆవిడ తన బంతిని నిచ్చెన చేతుల్లోనే ఉంచేసింది. "మీ పిల్లలకి ఉండనీ," అంది. స్టోర్సు సారు వెంటనే చేయి చాపాడు. కాలేజీకొచ్చిన బంతి కాలేజీదట. ఖాళీ అయిన బీరువాలో పెట్టాలట! నిచ్చెన బంతిని తల మీదికెత్తి పట్టుకుంది, ఆయనకు అందలేదు.

నిచ్చెన కమిటీ ముందు హాజరు కావాల్సి వచ్చింది. గెలిచిన మ్యాచ్‌ను ఎందుకు ఆడావని కన్వీనర్ గారు నిలదీశారు.

"ఆడకుండా గెలవడం మాకు చేతకాలేదు సార్," అందట ఆ పిల్ల.

కమిటీ గంభీరంగా ఆలోచించి, విజన్ సారు పదవీకాలాన్ని పొడిగించింది. తప్పు విజన్‌ది కాదు, బంతిదే అని తేల్చింది. నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అందుకే బంతిని దాచాలని మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను.

దాచాం కూడా.

నిన్న మధ్యాహ్నం కన్వీనర్ గారు, స్టోర్సు సారు ఆ బంతిని వెతుక్కుంటూ మా వీధికి వచ్చారు. పెరట్లో నిచ్చెన, బుడంకాయ, కొత్తగా చేరిన పిల్లలు. ధబ్, ధబ్, ధబ్! మెట్ల మీద నేను ఎదురుపడ్డాను.

"ఏంటండీ ఆ చప్పుడు?" అన్నారు కన్వీనర్ గారు.

"మేకులు కొట్టిస్తున్నానండీ," అన్నాను.

"పెరట్లోనా? ఇంకా ఎన్నాళ్ళు కొట్టిస్తారు?"

"పెద్ద గోడండీ," అని చెప్పి, వాళ్ళను వీధి మలుపు దాకా సాగనంపి, తిరిగొచ్చి పడుకున్నాను. ధబ్, ధబ్, ధబ్! చాలా రోజుల తర్వాత హాయిగా నిద్ర పట్టింది.